ఏమీ మార్చలేదన్నా, దానంతట అదే అయింది

పొద్దున ఆరుంబావుకు ఫోన్. "అన్నా, సర్వర్ మళ్లా వంద చూపిస్తా ఉంది, రీస్టార్ట్ కొట్టేదా?" కొట్టొద్దు అన్నాను. ఫోన్ పెట్టేలోపే కొట్టేశాడు. పది నిమిషాలు అంతా బాగుంది, ఆ తర్వాత మళ్లీ వంద.

అనంతపురంలో కూర్చుని నలుగురి డేటాబేస్‌లు చూసుకుంటూ బతికేవాణ్ణి నేను. సర్వర్‌లో లెక్కలన్నీ చేసే సీపీయూ ఊరికే వంద శాతం కొట్టేస్తోంది, కారణం తెలియడం లేదు అనే ఫోన్ నెలకు ఒకటైనా వస్తుంది. చాలా ఏళ్లుగా నాకున్న గొడవ ఒక్కటే: కారణం తెలియక ఎవరూ రీస్టార్ట్ చేయరు, రీస్టార్ట్ చేస్తారు కాబట్టే కారణం తెలియదు. ఈ మాట అంటే ఇక్కడ చాలామందికి కోపం వస్తుంది, ముఖ్యంగా పని ఆగిపోయి జనం నిలబడి ఉన్నప్పుడు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, దాని గురించి కూడా కింద రాస్తాను. ముందు జరిగింది చెప్పనివ్వండి.

ఒక ప్రైవేటు డెయిరీ. పేరెందుకులెండి. గార్లదిన్నె, కూడేరు, శింగనమల వైపు పల్లెల్లో 160 పాల కేంద్రాలు. రైతు పాలు తెస్తాడు, ఎక్కువగా తెస్తుంది అనాలి, ఎందుకంటే వచ్చేది ఆడవాళ్లే. చిన్న డబ్బాలో శాంపిల్ తీసి మిషన్‌కు పెడతారు, ఫ్యాటు, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే గట్టి పదార్థం) వస్తాయి, లీటర్లు, రేటు పడతాయి, బొటనవేలంత ప్రింటర్ నుంచి చీటీ వస్తుంది. ఆ చీటీ అడుగున ఒక వరస ఉంటుంది: ఈ బిల్లులో ఇప్పటిదాకా మీరు పోసిన మొత్తం పాలు, మొత్తం డబ్బు. రైతులు చూసేది ఆ వరసనే. మా కథంతా ఆ ఒక్క వరసలో ఉంది.

సర్వర్‌కు ఎనిమిది కోర్లు, అంటే సీపీయూకు పని చేసే ఎనిమిది చేతులు. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. ఆరున్నర నెలల కింద ఈ సాఫ్ట్‌వేర్‌కు మారినప్పటి నుంచి ఏనాడూ పది శాతం దాటని సీపీయూ, ఆ శనివారం ముప్పై, ఆదివారం యాభై, సోమవారం ఎనభై, మంగళవారం నుంచి వంద. అదీ రోజంతా కాదు, పొద్దున పాలు పోసే టైములో, సాయంత్రం పాలు పోసే టైములో. మధ్యాహ్నం చూస్తే నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. వచ్చి చూడమని నన్ను ఎప్పుడు పిలిచారంటారు? మధ్యాహ్నమే. పొద్దున రీస్టార్ట్ కొట్టి, టిఫిన్లు చేసి, అప్పుడు.

"ఏమన్నా మార్చినారా?" అని అడిగాను. "ఏమీ మార్చలేదన్నా, దానంతట అదే అయింది." ఈ జవాబును నేను అబద్ధం అనను. వాళ్లకు సర్వర్ అంటే ఆ డబ్బా, ఆ డబ్బాను వాళ్లు నిజంగానే ముట్టుకోలేదు. అయితే సీపీయూ దానంతట అది పని కల్పించుకోదు. ఎవరో పని చెబితేనే చేస్తుంది. కాబట్టి ఆ ప్రశ్నను ఇంకోలా అడగాలి: దీనికి పని చెప్పేవాళ్లలో ఎవరు మారారు?

సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు అప్పటికే ఒకసారి చూసి, స్లో క్వెరీ లాగ్ (ఆలస్యమైన క్వెరీలను, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలను, రాసిపెట్టే చిట్టా) ఖాళీగా ఉందని, కాబట్టి క్వెరీల తప్పేమీ లేదని, డెయిరీ పెరిగింది గనుక పదహారు కోర్ల సర్వర్ తీసుకోమని కొటేషన్ కూడా పంపేశారు. ఆ లాగ్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీన్ని నమ్మి మోసపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మైఎస్‌క్యూఎల్‌లో మనం ఏమీ మార్చకపోతే పది సెకన్లు దాటిన క్వెరీనే స్లో అంటారు. పది సెకన్లు! ఆ లెక్కన ఒక్కోటి ఆరు సెకన్లు తీసుకుంటూ సర్వర్‌ను చంపేస్తున్న క్వెరీ కూడా ఆ లాగ్ దృష్టిలో చురుకైనదే. జనం వెతికేది ఎప్పుడూ ఒక పెద్ద రాక్షసుడి కోసం, నెలాఖరు రిపోర్టులాంటి దానికోసం. నేను చూసిన కేసుల్లో ఎక్కువసార్లు దొరికింది చీమ. ఒక్కటి చూస్తే చిన్నది, వరసలో చూస్తే సర్వర్ అంత పొడవు.

ఆ చీమలను లెక్కపెట్టే పుస్తకం మైఎస్‌క్యూఎల్ లోపలే ఉంది. పర్ఫార్మెన్స్ స్కీమా అంటారు. ఒకే రూపంలో ఉన్న క్వెరీలన్నిటినీ ఒక పద్దు కింద వేసి, ఎన్నిసార్లు నడిచింది, మొత్తం ఎంత సేపు తీసుకుంది, ఎన్ని వరసలు చదివింది అని రాసిపెడుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ వాడేవాళ్లకైతే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ ఉంది, అది విడిగా పెట్టుకోవాలి. సగటు చూడకుండా మొత్తం సమయం ప్రకారం పై నుంచి కిందికి పేర్చితే మొదటి రెండు వరసల్లోనే దొంగ దొరుకుతాడు. అయితే పర్ఫార్మెన్స్ స్కీమా మొత్తం మెమరీలో ఉంటుంది. రీస్టార్ట్ కొట్టారా, పలక తుడిచేసినట్టే. నేను మధ్యాహ్నం తెరిచి చూస్తే అందులో ఉన్నవి ఆ రోజు ఆఖరి రీస్టార్ట్ తర్వాత నడిచిన క్వెరీలే, అంటే ఆఫీసులో ఇద్దరు అమ్మాయిలు కొట్టిన రిపోర్టులు. నాలుగు రోజులుగా డెయిరీవాళ్లే పొద్దుటా సాయంత్రమూ సాక్ష్యాన్ని తుడిచేసి, ఆ తర్వాత కారణం తెలియడం లేదంటున్నారు.

రీస్టార్ట్ చేశాక పది నిమిషాలు ఎందుకు బాగుంటుందో కూడా చెబుతాను, ఎందుకంటే రీస్టార్ట్ పక్షంవాళ్ల ప్రధాన వాదన అదే: "పని చేసింది కదా!" రేషన్ షాపు ముందు వంద మంది ఉన్నారనుకోండి, షట్టర్ దించేసి అందరినీ తరిమేసి మళ్లీ షట్టర్ ఎత్తితే కాసేపు షాపు ఖాళీగానే ఉంటుంది. తూకం వేసేవాడి చేయి ఏమీ వేగంగా మారలేదు. వెళ్లినవాళ్లు మళ్లీ వస్తారు, అప్పటిదాకానే ప్రశాంతత.

ఇప్పుడు వాళ్ల కోపం గురించి. పల్లెలో పొద్దున ఆరింటికి పాలు ఆగకూడదు. ఎండాకాలం అనంతపురం సంగతి వేరే చెప్పాలా, పాలు చల్లబరిచే ట్యాంకు చేరేలోపు ప్రతి నిమిషమూ డబ్బే. ఆ టైములో ఓనర్‌కు నా ఫిలాసఫీ అక్కర్లేదు, మిషన్ నడవాలి. ఒప్పుకుంటాను. రీస్టార్ట్ చేయాల్సి వస్తే చేయండి. దానికి ముందు రెండు నిమిషాలు ఇవ్వండి అంటున్నాను, అంతే. టాప్ (ఏ ప్రోగ్రాం సీపీయూను ఎంత తింటోందో చూపించే కమాండ్) తెరిచి ఒక ఫోటో తీయండి, ఫోన్‌తో తీసినా చాలు. డేటాబేస్‌లో ఆ క్షణాన నడుస్తున్నవన్నీ చూపించే షో ఫుల్ ప్రాసెస్‌లిస్ట్ కొట్టి వచ్చింది మొత్తం ఒక ఫైల్లో వేయండి. అర నిమిషం ఆగి ఇంకోసారి కొట్టండి. ఆ తర్వాత మీ ఇష్టం. నాడి చూడకుండా ఇంజెక్షన్ చేసే డాక్టరు దగ్గరికి మనం వెళ్లం కదా. సరే, వెళ్తాం, కానీ వెళ్లకూడదు.

సాయంత్రం ఐదున్నరకు నేనే డెయిరీ ఆఫీసుకు వెళ్లి కూర్చున్నాను, ఎవరూ రీస్టార్ట్ మీద చేయి వేయకుండా కాపలా కూడా అనుకోండి. ఆరింటికి మొదలైంది. టాప్‌లో మైఎస్‌క్యూఎల్ పక్కన 790 శాతం. ఓనర్ గుడ్లు తేలేశాడు, వందకు మించి ఎట్లా పోతుందని. టాప్ ఒక్కో కోర్‌కు వంద చొప్పున లెక్క వేస్తుంది, ఎనిమిది కోర్లకు ఎనిమిది వందలు, కాబట్టి దాదాపు నిండిపోయింది. పైన ఇంకో వరస ఉంటుంది, దాన్ని చాలామంది చదవరు: యూజర్ 96, సిస్టం 3, వెయిట్ 0, స్టీల్ 0. ఈ నాలుగు అంకెలు నాకు సగం దారి చూపించాయి. వెయిట్ సున్నా అంటే డిస్కు కోసం ఎదురుచూపు లేదు, పాల లెక్కలున్న టేబుల్ మొత్తం మెమరీలోనే ఉంది, ఊరికే దాన్ని తిప్పి తిప్పి చదువుతున్నారు. స్టీల్ సున్నా అంటే క్లౌడ్‌లో పక్కింటివాడు మన సీపీయూ లాక్కోవడం లేదు. యూజర్ 96 అంటే డేటాబేస్ ఏదో నిజమైన పనే చేస్తోంది.

అసలు తింటున్నది డేటాబేసేనా అని చూడటం కూడా ముఖ్యమే, నవ్వకండి. ఇంకో చోట మూడు రోజులు క్వెరీలు దిద్దుకుంటూ కూర్చున్నారు, చూస్తే పైన ఉన్నది కేడెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్‌ఐ అనే ప్రాసెస్. సర్వర్‌ను నడిపే లినక్స్‌లో చివర 'ఐ' లేకుండా అదే పేరుతో నిజమైనది ఒకటి ఉంటుంది, ఇది దాని వేషం వేసుకున్న క్రిప్టో మైనింగ్ దొంగ. డేటాబేస్ పోర్టును ఇంటర్నెట్‌కు బార్లా తెరిచిపెట్టారు, వాడు వచ్చి పొయ్యి వెలిగించుకున్నాడు.

కారణం నిజంగానే ఎవరి చేతిలోనూ లేని సందర్భం కూడా ఒకటి ఉంది, న్యాయంగా అదీ చెప్పాలి. 2012 జూన్ 30 అర్ధరాత్రి, గ్రీనిచ్ లెక్కన, మనకు జులై 1 పొద్దున ఐదున్నర, ప్రపంచ గడియారానికి ఒక లీప్ సెకను, అంటే ఒక అదనపు సెకను, కలిపారు. లినక్స్ కెర్నల్‌లో, అంటే దాని గుండెకాయలో, ఉన్న ఒక లోపం వల్ల ఎన్నో చోట్ల మైఎస్‌క్యూఎల్, జావా సర్వర్లు ఒక్కసారిగా సీపీయూను నమిలేయడం మొదలుపెట్టాయి. అప్పుడు మైఎస్‌క్యూఎల్‌ను ఆపి మళ్లీ స్టార్ట్ చేసినా లాభం లేదు, ఎందుకంటే రోగం కెర్నల్‌లో ఉంది. మందు ఏమిటంటే, సిస్టం డేటును అదే డేటుకు మళ్లీ ఒకసారి సెట్ చేయడం. ఒక్క కమాండ్! ఆ రోజు నిజంగా "ఎవరూ ఏమీ మార్చలేదు". అలాంటి రోజులు ఎన్ని వస్తాయో మీరే చెప్పండి.

మళ్లీ డెయిరీకి. ప్రాసెస్‌లిస్ట్ కొడితే ముప్పై కనెక్షన్లు, ముప్పైటిదీ ఒకే ముఖం. ఫలానా రైతు కోడ్, ఫలానా తేదీ నుంచి, లీటర్ల మొత్తం, డబ్బుల మొత్తం. చీటీ అడుగు వరస! అర నిమిషం తర్వాత కొట్టినా అదే వరస, కోడ్‌లు మాత్రం వేరు. ఒకదాన్ని తీసుకుని ఎక్స్‌ప్లెయిన్ పెట్టాను, ఆ క్వెరీని ఎలా నడుపుతుందో డేటాబేస్ చేతే చెప్పించే కమాండ్ అది. రైతు కోడ్, తేదీ కలిపి చక్కటి ఇండెక్స్ (పుస్తకానికి విషయసూచిక లాంటిది) ఉంది, దాని పేరు 'వాడుకోవచ్చు' అనే గడిలో కనిపిస్తోంది, 'వాడుకున్నది' అనే గడిలో మాత్రం నల్, అంటే ఖాళీ. చదివే వరసలు దాదాపు 38 లక్షలు. అంటే టేబుల్ మొత్తం. గార్లదిన్నె పక్క పల్లెలో ఒకామె రెండున్నర లీటర్లు పోస్తే, ఆమె చీటీ కోసం ఈ సాఫ్ట్‌వేర్ వచ్చినప్పటి నుంచి అందరి పాలూ మళ్లీ కొలుస్తున్నారు.

ఎందుకు? ఎక్స్‌ప్లెయిన్ తర్వాత షో వార్నింగ్స్ కొట్టండి, ఎవరూ కొట్టరు, అందులో రాసిపెట్టే ఉంది: ఈ కాలమ్ మీద టైపు మార్చాల్సి వచ్చింది కాబట్టి ఇండెక్స్ వాడలేను. క్వెరీలో కోడ్ 417 అని ఉంది. టేబుల్‌లో కాలమ్ అక్షరాల రకం, వార్‌కార్, అందులో ఉన్నది '00417'. అటూ ఇటూ కోట్స్ లేవు, అంతే తేడా. కోట్స్ లేకపోతే అది అంకె. అక్షరాలను అంకెతో పోల్చమంటే మైఎస్‌క్యూఎల్ మర్యాదస్తురాలు, కాదనదు. '00417' నీ అంకె చేస్తే 417, '0417' చేసినా 417, '417' చేసినా అదే. ఇన్ని రూపాలు ఒకే అంకె అవుతాయి గనుక అక్షరాల వరసలో పేర్చిన ఇండెక్స్ పనికిరాదు, ప్రతి వరసనూ తీసి అంకెగా మార్చి చూడాల్సిందే. పోస్ట్‌గ్రెస్ అయితే ఇక్కడే ముఖం మీద ఎర్రర్ కొట్టేది, 2008లో వచ్చిన 8.3 వెర్షన్ నుంచి అది ఇలాంటి మొహమాటాలు మానేసింది. మొహమాటం లేని డేటాబేసే మంచిదని నా అభిప్రాయం, కాదనేవాళ్లు కాదనండి.

లెక్క చూడండి, నాకు ఈ లెక్క భలే నచ్చింది. ఒక్కో క్వెరీ 38 లక్షల వరసలు మార్చి చూడటానికి ఒక కోర్ మీద 1.6 సెకన్లు. ఎనిమిది కోర్లు కలిసి సెకనుకు ఐదు క్వెరీలు చేయగలవు. 160 కేంద్రాల్లో అర నిమిషానికొక రైతు అంటే సెకనుకు ఐదుకు కొంచెం పైన. సరిగ్గా గొంతుదాకా! ఆ పైన ప్రతిదీ వరసలో నిలబడుతుంది, 1.6 కాస్తా ఆరు సెకన్లవుతుంది. కేంద్రంలోని యాప్ ఐదు సెకన్లు చూసి, జవాబు రాలేదని అదే క్వెరీని మళ్లీ పంపుతుంది. పాతది సర్వర్‌లో నడుస్తూనే ఉంటుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఇక పదహారు కోర్లు పెడితే? సెకనుకు పది. బాగుంటుంది, కొన్నాళ్లు. కేంద్రానికి అరవై మంది, రెండు పూటలు, 160 కేంద్రాలు: రోజుకు 19,200 కొత్త వరసలు. ఇంకో రెండు వందల రోజులకు టేబుల్ రెట్టింపు, క్వెరీ టైము రెట్టింపు, మళ్లీ గొంతుదాకా. అప్పుడు ముప్పై రెండు కోర్లకు కొటేషన్. రెండు కోట్స్ పెట్టడానికి బదులు ఆరు నెలలకోసారి కొత్త సర్వర్ కొనుక్కోవచ్చన్నమాట.

యాప్ రాసిన కుర్రాడికి ఫోన్ చేస్తే బయటపడింది. శనివారం నుంచి కొత్త వెర్షన్ విడతలుగా పంపుతున్నారు, రోజుకు కొన్ని కేంద్రాలకు. అందుకే ముప్పై, యాభై, ఎనభై అంటూ మెట్లెక్కింది, అందరూ దాన్ని డెయిరీ ఎదుగుదల అనుకున్నారు. కొత్త వెర్షన్‌లో రైతు కోడ్‌ను అంకెగా మార్చాడు. "కోడ్ నంబరే కదన్నా?" అన్నాడు అమాయకంగా. కాదు నాయనా. కూడవు, తీసివేయవు, సగటు కట్టవు, మరి అది నంబరెట్లా అవుతుంది? పిన్ కోడ్, ఫోన్, ఆధార్, ఇవన్నీ అంకెల వేషంలో ఉన్న పేర్లు. పేరు ముందున్న సున్నా తీసేస్తే ఇంటిపేరు కొట్టేసినట్టే.

ఆ రాత్రే దిద్దాం. సర్వర్ కోడ్‌లో ఆ విలువను అక్షరంగా మార్చి పంపేలా. ఆ పని మీద సంతకం నాది కూడా ఉంది, అది గుర్తుపెట్టుకోండి. శుక్రవారం పొద్దున ఆరింటికి సీపీయూ మూడు శాతం. ఓనర్ స్క్రీన్ ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు, అందరూ దండాలు పెట్టారు. నేను కాఫీ తాగుతూ గొప్పగా కూర్చున్నాను.

ఏడింటికి కేంద్రాల నుంచి ఫోన్లు. టోటల్ తప్పు వస్తోంది, రైతులు గొడవ చేస్తున్నారు. బండి తీసుకుని దగ్గరున్న ఒక కేంద్రానికి వెళ్లాను. ఒకామె చీటీ నా ముఖం మీద పెట్టి, "నా పాలు యాడికి పోయినాయప్పా?" అంది. చీటీలో ఈ బిల్లు మొత్తం 17 లీటర్లు. ఆమె ఇంటికెళ్లి గోడ మీది క్యాలెండర్ కాగితం చింపుకుని వచ్చింది. ప్రతి తేదీ గడిలో, తిథికీ నక్షత్రానికీ మధ్య ఉన్న ఖాళీలో, నీలం పెన్నుతో రెండు అంకెలు: పొద్దున ఎంత, సాయంత్రం ఎంత. ఒకటో తేదీ నుంచి పన్నెండు పొద్దుటిదాకా కూడితే 57. తొమ్మిదో తేదీ పొద్దుటి నుంచి మాత్రమే కూడితే, సరిగ్గా 17.

తొమ్మిది, మంగళవారం. ఆ కేంద్రానికి కొత్త యాప్ వచ్చిన రోజు. అప్పుడు వెలిగింది నాకు. కొత్త యాప్ చదవడానికే కాదు, రాయడానికి కూడా 417 అనే పంపుతోంది. మంగళవారం నుంచి ఆమె పాలు '417' పేరు మీద పడుతున్నాయి, అంతకుముందువి '00417' మీద ఉన్నాయి. ఇన్ని రోజులూ ఆ దరిద్రపు క్వెరీ రెండింటినీ అంకెలుగా మార్చి కలిపి చూపించింది కాబట్టి టోటల్ సరిగ్గా వచ్చింది, సీపీయూ మాత్రం కాలింది. నేను వెళ్లి కోట్స్ పెట్టి '417' ను మాత్రమే వెతికించాను. సీపీయూ చల్లబడింది, ఆమె నలభై లీటర్లు మాయమయ్యాయి. వంద శాతం మీద నడిచినప్పుడు లెక్క కరెక్టు, మూడు శాతం మీద నడిచినప్పుడు లెక్క తప్పు. సీపీయూ గ్రాఫ్ చూసి చప్పట్లు కొట్టేవాళ్లలో నేనూ ఉన్నానని ఆ కాగితం చూశాక ఒప్పుకోక తప్పలేదు. రైతుల టేబుల్‌కు ఫారిన్ కీ (ఆ టేబుల్‌లో లేని కోడ్‌ను రానివ్వని కట్టుబాటు) ఒకటి పెట్టి ఉంటే '417' అనేవాడు లేడని మొదటి చీటీ దగ్గరే ఆగిపోయేది. పెట్టలేదు, స్లో అవుతుందని ఎవరో చెప్పారట.

మధ్యాహ్నం, పాలు లేని టైములో, బ్యాకప్ తీసుకుని, శనివారం నుంచి పడ్డ వరసల్లో ఐదు అంకెలకు తక్కువున్న కోడ్‌లన్నిటికీ ముందు సున్నాలు నింపాం. సర్వర్ కోడ్ కూడా ఏది వచ్చినా ఐదు అంకెలకు సరిచేసి, కోట్స్‌తో పంపేలా మార్చాం, చదివేటప్పుడూ రాసేటప్పుడూ. స్లో లాగ్ గీతను పది సెకన్ల నుంచి అర సెకనుకు దించాను. కొటేషన్ సంగతి నేనేమీ అనలేదు, ఓనరే చించేశాడు.

శనివారం పొద్దున మళ్లీ ఆ కేంద్రానికి వెళ్లాను, ఎవరూ పిలవలేదు. ఆమె చీటీ తీసుకుని, క్యాలెండర్ కాగితం మడత విప్పి, పెదాలు కదుపుతూ కూడింది. 61న్నర. చీటీలోనూ 61న్నర. ఏమీ అనలేదు, కాగితం మడిచి కొంగుకు కట్టుకుని క్యాను ఎత్తుకుని వెళ్లిపోయింది. అప్పుడే ఓనర్ ఫోన్: "అన్నా, సర్వర్ నాలుగు శాతమే చూపిస్తా ఉంది. ఏమన్నా ఆగిపోయిందేమో చూడు."